గ్రాసిమ్ కొంటే అల్ట్రాటెక్ సగం ధరకి వచ్చినట్టేనా?

ముందు మీ ప్రశ్నని కుదించి చెప్తాను, మిగతావాళ్ళకి కూడా అర్థమవుతుంది. మీ నాన్నగారు 2006లో 40 గ్రాసిమ్ షేర్లు కాగితం సర్టిఫికెట్ల రూపంలో కొన్నారు. 2018లో వాటిని డీమ్యాట్ చేయించారు, అంటే కాగితం నుంచి ఎలక్ట్రానిక్ ఖాతాలోకి మార్పించారు. ఆయన పోయాక ఖాతా మీ పేరుకి మారింది. ఇప్పుడందులో 200 గ్రాసిమ్ షేర్లు కనిపిస్తున్నాయి, ఇంకేమీ లేవు. మీ ఆఫీసులో ఒకాయన "గ్రాసిమ్ చేతిలో ఉన్న అల్ట్రాటెక్ సిమెంట్ కంపెనీ వాటా విలువే గ్రాసిమ్ మొత్తం మార్కెట్ విలువంత ఉంటుంది, మిగతా వ్యాపారాలన్నీ ఫ్రీ, ఇంకో 200 కొను" అన్నారు. అది నిజమా, అసలు గ్రాసిమ్ ఏం తయారుచేస్తుంది, అల్యూమినియం కంపెనీ హిందాల్కో కూడా దీనిదేనా అని మీరు అడిగారు.

నేను ఇరవై ఆరేళ్ళు ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో తయారీ ఖర్చుల లెక్కలు చూసినవాణ్ణి. నా దగ్గర కూడా గ్రాసిమ్ షేర్లు కొన్ని ఉన్నాయి, కాబట్టి నా మాటని ఆ మేరకు తరుగు తీసి చదువుకోండి.

మీ ఆఫీసాయన లెక్క తప్పు కాదు. ఆ లెక్క నుంచి "ఇంకా కొను" అన్నదాకా వెళ్ళడంలోనే తిరకాసు ఉంది.

గ్రాసిమ్ అసలు పేరు గ్వాలియర్ రేయాన్ సిల్క్ మాన్యుఫ్యాక్చరింగ్. ఆ పేరులోని ముక్కలు కలిపితే గ్రాసిమ్. 1947 ఆగస్టులో, స్వాతంత్ర్యం వచ్చిన పది రోజులకి పుట్టిన కంపెనీ. మధ్యప్రదేశ్‌లోని నాగ్దాలో చెట్ల గుజ్జు నుంచి దారానికి పనికొచ్చే నార తీయడం దీని మూల వ్యాపారం. దాన్నే విస్కోస్ అంటారు. మీ నాన్నగారి తరం వాళ్ళకి మాత్రం గ్రాసిమ్ అంటే సూటింగ్స్, పెళ్ళికి కుట్టించుకున్న ప్యాంటు గుడ్డ.

విస్కోస్ తీయాలంటే కాస్టిక్ సోడా కావాలి. బయట కొనేకంటే మనమే చేసుకుందామని కాస్టిక్ సోడాలోకి దిగారు. ఉప్పునీటిలో కరెంటు పంపితే కాస్టిక్‌తో పాటు క్లోరిన్ కూడా పుడుతుంది, వద్దన్నా పుడుతుంది. దాన్ని అమ్ముకోలేకపోతే కాస్టిక్ తయారీ కూడా తగ్గించుకోవాల్సిందే. అందుకని క్లోరిన్‌తో చేసే రసాయనాల్లోకి దిగారు. తూర్పు గోదావరిలో బలభద్రపురం దగ్గర 2022 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఫ్యాక్టరీ ఈ కాస్టిక్ సోడాదే. మీది ఆ వైపు ఊరైతే కాలుష్యం భయంతో అక్కడ జరిగిన గొడవలు గుర్తుండే ఉంటాయి.

సిమెంట్ తర్వాత వచ్చింది, కానీ మొత్తాన్నీ మింగేసేంత పెరిగింది. 2004 ప్రాంతంలో ఎల్ అండ్ టీ తన సిమెంట్ వ్యాపారాన్ని విడగొట్టినప్పుడు గ్రాసిమ్ దాన్ని చేజిక్కించుకుంది. అదే అల్ట్రాటెక్. మన తాడిపత్రి ఫ్యాక్టరీ అలా వచ్చిందే, పాతవాళ్ళు ఇప్పటికీ దాన్ని "ఎల్ అండ్ టీ" అనే అంటారు. తర్వాత 2017లో జేపీ ప్లాంట్లు, 2018లో దివాలా కోర్టు ద్వారా బినానీ, ఆ తర్వాత సెంచురీ, 2024 డిసెంబర్‌లో ఇండియా సిమెంట్స్, 2025లో కేశోరామ్ సిమెంట్ వ్యాపారం. ఏడాదికి 15 కోట్ల టన్నుల సామర్థ్యం ఎప్పుడో దాటేశారు. టన్ను అంటే ఇరవై బస్తాలు, మిగతా గుణకారం మీరు చేసుకోండి.

ఇక హిందాల్కో. అది గ్రాసిమ్‌ది కాదు. ఒకే బిర్లా ఇంట్లో పుట్టిన అక్కాచెల్లెళ్ళ లాంటి కంపెనీలు. గ్రాసిమ్ చేతిలో ఉన్న హిందాల్కో షేర్లు నాలుగు శాతం లోపే. అల్యూమినియం, రాగి కోసం గ్రాసిమ్ కొంటే కరివేపాకు కోసం పులుసు కొన్నట్టు. మీకు లోహాలే కావాలంటే హిందాల్కో షేరు నేరుగా మార్కెట్లో దొరుకుతుంది. అయితే అందులోనూ సగానికి పైగా వ్యాపారం 2007లో కొన్న నోవెలిస్ ద్వారా అమెరికా, యూరప్‌లలో జరిగేదే, కూల్‌డ్రింక్ డబ్బాల రేకు లాంటివి. ఇక్కడ బాక్సైట్ నుంచి అల్యూమినా తీయడానికి కూడా కాస్టిక్ సోడానే వాడతారు. మన పార్వతీపురం దాటితే వచ్చే రాయగడ జిల్లాలో ఉన్న ఉత్కల్ అల్యూమినా రిఫైనరీ హిందాల్కోదే. కాబట్టి రెండు కంపెనీలకీ సరుకు ఇచ్చిపుచ్చుకునే సంబంధం ఉంది, వాటాల సంబంధం మాత్రం పల్చన.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం.

గ్రాసిమ్ మొత్తం షేర్లు సుమారు 68 కోట్లు. దాని చేతిలో ఉన్న అల్ట్రాటెక్ షేర్లు సుమారు 16.5 కోట్లు. భాగిస్తే ఒక్కో గ్రాసిమ్ షేరు వెనక పావు కంటే కాస్త తక్కువ, 0.243 అల్ట్రాటెక్ షేరు ఉంది. మీ 200కి సుమారు 48. ఈ రోజు అల్ట్రాటెక్ ధరని 48తో గుణించండి, గ్రాసిమ్ ధరని 200తో గుణించండి. రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి, ఒక్కోసారి మొదటిదే ఎక్కువ. పైగా ఆదిత్య బిర్లా క్యాపిటల్ అనే ఫైనాన్స్ కంపెనీలో సగానికి పైగా వాటా, విస్కోస్, కాస్టిక్, పెయింట్లు అన్నీ గ్రాసిమ్‌లోనే ఉన్నాయి. చూడ్డానికి బంగారం కొంటే పెట్టె ఊరికే ఇచ్చినట్టు ఉంటుంది.

మరి మార్కెట్లో ఉన్నవాళ్ళందరికీ ఈ భాగహారం రాదా? వచ్చు. విశ్లేషకులు ఇలాంటి వాటాలకి విలువ కట్టేటప్పుడు మూడో వంతు నుంచి సగం దాకా కోసేసి లెక్కేస్తారు. వేరే కంపెనీల వాటాలు పట్టుకుని ఉన్నదాన్ని హోల్డింగ్ కంపెనీ అంటారు కాబట్టి, దీన్ని హోల్డింగ్ కంపెనీ డిస్కౌంట్ అంటారు. ఎందుకు కోస్తారో చెప్పడానికి సిద్ధాంతం అక్కర్లేదు, డివిడెండ్ అంకెలు చాలు.

2022-23కి అల్ట్రాటెక్ షేరుకి 38 రూపాయలు డివిడెండ్ ఇచ్చింది. గ్రాసిమ్ 10 ఇచ్చింది. అప్పటికి ఒక్కో గ్రాసిమ్ షేరు వెనక ఉన్న అల్ట్రాటెక్ వాటాకి వచ్చింది తొమ్మిదిన్నర, మీ చేతికి వచ్చింది పది. బాగానే ఉంది.

2023-24కి అల్ట్రాటెక్ 70 ఇచ్చింది. అంటే గ్రాసిమ్ షేరుకి 17 చొప్పున లోపలికి వచ్చింది. గ్రాసిమ్ మీకు ఇచ్చింది 10.

2024-25కి అల్ట్రాటెక్ 77.50 ఇచ్చింది. గ్రాసిమ్ షేరుకి దాదాపు 19 వచ్చింది. మీకు ఇచ్చింది? అదే 10.

మొత్తంగా చూస్తే ఆ ఏడాది అల్ట్రాటెక్ నుంచి గ్రాసిమ్‌కి సుమారు 1,280 కోట్లు వచ్చింది, గ్రాసిమ్ తన వాటాదారులకి 680 కోట్లు పంచింది. పైపెచ్చు మీ దాకా పంచిన మేరకే గ్రాసిమ్‌కి పన్ను మినహాయింపు. అట్టేపెట్టుకున్న దాని మీద కంపెనీ పన్ను కడుతుంది, రేపు దాన్ని మీకు పంచితే మీరు మళ్ళీ కడతారు. అల్ట్రాటెక్ షేరు నేరుగా మీ చేతిలో ఉంటే ఈ మధ్యవర్తి ఉండడు.

ఆ డబ్బుని ఎవరో తినేశారని నా అర్థం కాదు. పెయింట్లలో పెట్టారు. 2021 జనవరిలో పెయింట్ల వ్యాపారానికి 5,000 కోట్లు పెడతామన్నారు. ఏడాదిన్నర కూడా తిరక్కుండా, 2022 మేలో అది 10,000 కోట్లు అయింది. 2024 జనవరిలో వాటాదారులని 4,000 కోట్లు అడిగారు, 179 షేర్లకి 6 చొప్పున, షేరు 1,812 రూపాయలకి రైట్స్ ఇష్యూ, అంటే ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడం. మీ 200కి 6 రావాలి, ఇప్పటికీ 200 మాత్రమే ఉన్నాయంటే మీ నాన్నగారు దానికి అప్లై చేయలేదన్నమాట. ఆ మరుసటి నెలే వాళ్ళ పెయింట్ల బ్రాండు బిర్లా ఓపస్ మార్కెట్లోకి వచ్చింది. ఆరు ఫ్యాక్టరీలు, ఏడాదికి 133 కోట్ల లీటర్ల సామర్థ్యం.

మా వీధి చివర హార్డ్‌వేర్ షాపులో ఒక రోజు చూశాను. ఏళ్ళ తరబడి ఉన్న పాత కంపెనీ రంగులు కలిపే టింటింగ్ మెషిన్ పక్కనే ఓపస్ మెషిన్ కొత్తగా వచ్చి కూర్చుంది. మెషిన్‌కి ఎంతయిందని అడిగితే ఆయన నవ్వి "ఊరికే ఇచ్చారండి, చోటు మనది, మెషిన్ వాళ్ళది" అన్నాడు. పెయింటర్లు ఏది అడుగుతున్నారు అంటే, "డబ్బా మీద ఎక్స్‌ట్రా ఇస్తున్నారు కాబట్టి ఇదీ అడుగుతున్నారు, ఓనర్లు మాత్రం పాత పేరే చెప్తారు" అని. ఆ ఊరికే ఇచ్చిన మెషిన్ డబ్బు ఎక్కడిదో ఇప్పుడు మీకు తెలుసు. తాడిపత్రిలో బస్తా మీద మిగిలిన లాభంలో కొంత, మీ డివిడెండ్‌లో రాని ఆ తొమ్మిది రూపాయల్లో కొంత.

ఇది తప్పు పందెం అని నేను అనను. ఇల్లు కట్టేవాడికి సిమెంట్ అమ్మే డీలర్ దగ్గరికే పెయింటు పంపడం తెలివైన ఆలోచన. కానీ ఆ పందెం కాసింది మీరు కాదు, మీ డబ్బుతో వాళ్ళు కాశారు. గ్రాసిమ్ కొనడమంటే అల్ట్రాటెక్‌ని సగం ధరకి కొనడం కాదు. అల్ట్రాటెక్ డివిడెండ్‌ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించే అధికారాన్ని వేరేవాళ్ళకి రాసిచ్చి, దానికి బదులుగా డిస్కౌంట్ తీసుకోవడం. ఆ అధికారం ఖరీదే ఆ డిస్కౌంట్.

ఈ అలవాటు పెయింట్లతో మొదలైంది కూడా కాదు. 2016 ఆగస్టులో ఇదే గ్రూపుకి చెందిన ఆదిత్య బిర్లా నువో కంపెనీని గ్రాసిమ్‌లో కలుపుతామని ప్రకటించిన రోజుల్లో షేరు ఎలా పడిందో నాకు బాగా గుర్తు. సిమెంట్, నార అనుకుని కొన్నవాళ్ళ మెడకి రాత్రికి రాత్రి టెలికాం, ఫైనాన్స్ చుట్టుకున్నాయి. ఐడియా టెలికాం వాటాలో ఎక్కువ భాగం అలా వచ్చిందే. తర్వాత వొడాఫోన్ ఐడియా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మళ్ళీ 2025 ఫిబ్రవరిలో అల్ట్రాటెక్కే కేబుళ్ళు, వైర్లలోకి 1,800 కోట్లతో దిగుతానంది. రాగి, అల్యూమినియం హిందాల్కో ఇంట్లోనే ఉన్నాయి కదా అన్నది వాళ్ళ వాదన. ఆ మాట విని నాలాంటివాళ్ళు కొంచెం టెన్షన్ పడ్డాం. అల్ట్రాటెక్ నేరుగా కొంటే మధ్యవర్తి ఉండడని పైన అన్నాను, పందాలు మాత్రం అక్కడికీ వచ్చేశాయి.

అధికారం అన్నాను కాబట్టి ఇంకో చిన్న లెక్క. నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర విష్ణుపురం ఫ్యాక్టరీ ఉంది, బి.వి. రాజుగారి రాశీ సిమెంట్ కాలం నాటిది. 1998లో ఇండియా సిమెంట్స్ దాన్ని చేజిక్కించుకుంది. ఆ రోజుల్లో మా క్యాంటీన్లో వేరే మాట ఉండేది కాదు. ఇప్పుడు ఇండియా సిమెంట్స్‌లో ముప్పాతిక వాటా అల్ట్రాటెక్‌ది, అల్ట్రాటెక్‌లో 56 శాతం చుట్టుపక్కల గ్రాసిమ్‌ది, గ్రాసిమ్‌లో 43 శాతం దాకా ప్రమోటర్లది, అంటే కంపెనీని నడిపే బిర్లా వర్గానిది. విష్ణుపురంలో వంద రూపాయలు మిగిలితే అల్ట్రాటెక్ వంతు 75, గ్రాసిమ్ వంతు 42, ఈ గొలుసులో ప్రమోటర్ల వంతు 18. ఆ ఫ్యాక్టరీ గురించి నిర్ణయం తీసుకునే అధికారం మాత్రం గొలుసు పైకొసలో ఉంది. హోల్డింగ్ కంపెనీ అనే ఏర్పాటు ఉన్నదే ఇందుకు. 18 పెట్టి వందని నడపొచ్చు. కింద ఉన్న మనం గొలుసులో ఏ లింకు పట్టుకున్నామో చూసుకోవాలి.

మరి హోల్డింగ్ కంపెనీలో ఉన్న విలువ ఎప్పటికీ వాటాదారుడి చేతికి రాదా అంటే, వస్తుంది. కంపెనీ తన దగ్గరున్న వ్యాపారాన్ని విడగొట్టి షేర్లుగా మీకే పంచినప్పుడు వస్తుంది. గ్రాసిమ్ ఆ పని రెండుసార్లు చేసింది. మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే ఆపిన సంగతి ఇక్కడే ఉంది. నిజానికి "ఇంకా కొనాలా" కంటే ముందు మీరు చూసుకోవాల్సింది ఇదే.

2010లో గ్రాసిమ్ తన సొంత సిమెంట్ వ్యాపారాన్ని సమృద్ధి సిమెంట్ అనే కంపెనీగా విడగొట్టింది. ప్రతి గ్రాసిమ్ షేరుకి ఒక సమృద్ధి షేరు ఇచ్చారు. అదే ఏడాది సమృద్ధిని అల్ట్రాటెక్‌లో కలిపేశారు, 7 సమృద్ధి షేర్లకి 4 అల్ట్రాటెక్ షేర్ల చొప్పున. మీ నాన్నగారి 40కి 40 సమృద్ధి, వాటికి 22 అల్ట్రాటెక్ షేర్లు, మిగిలిన ముక్కకి డబ్బు రావాలి.

2016లో పది రూపాయల ముఖ విలువ ఉన్న ఒక్కో గ్రాసిమ్ షేరుని, రెండు రూపాయల ముఖ విలువతో ఐదు షేర్లుగా విడగొట్టారు. అలా 40 కాస్తా 200. మీకు కనిపిస్తున్నవి ఇవే.

2017లో నువో విలీనం తర్వాత ఆదిత్య బిర్లా క్యాపిటల్‌ని విడగొట్టారు. 5 గ్రాసిమ్ షేర్లకి 7 ఏబీ క్యాపిటల్ షేర్లు. మీ 200కి 280 రావాలి.

మీ ఖాతాలో ఈ 22 లేవు, ఈ 280 లేవు. నాన్నగారు అమ్మేసి ఉండొచ్చు, అలా అయితే బ్యాంకు పాసుబుక్కులో ఆనవాలు ఉంటుంది. కానీ ఆయన 2018 దాకా కాగితం సర్టిఫికెట్లే దాచుకున్న మనిషి అన్నారు. అప్పట్లో అలాంటివాళ్ళకి కొత్త షేర్లు డీమ్యాట్‌లో పడేవి కావు, పోస్టులో సర్టిఫికెట్‌గా వచ్చేవి. గ్రాసిమ్ సర్టిఫికెట్ ఒక్కటే డీమ్యాట్‌కి ఇచ్చి, తెలియని పేరుతో వచ్చిన కవర్లని పక్కన పడేసిన వాళ్ళని నేను చాలామందినే చూశాను. మా బంధువు ఒకాయన సమృద్ధి అన్న పేరు చూసి ఏదో చిట్‌ఫండ్ వాళ్ళు పంపిన కాగితం అనుకుని ట్రంకు పెట్టె అడుగున పరిచాడు. పైన పట్టుబట్టలు.

ఇల్లు మారి కవరు చేరకపోయి ఉంటే దారి వేరు. ఏడేళ్ళు వరసగా డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు ప్రభుత్వ నిధికి, అంటే ఐఈపీఎఫ్‌కి వెళ్తాయి. పోవు, అక్కడ మీ పేరున పడి ఉంటాయి, వాటి మీద వచ్చిన డివిడెండ్‌తో సహా. ఐఈపీఎఫ్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. మన తెలుగు పేర్లతో వచ్చే చిక్కు ఇక్కడే. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, పొడి అక్షరాలతో ఒకసారి, "రావు"ని విడదీసి ఒకసారి వెతకండి. మా బంధువు పేరు నాలుగోసారికి దొరికింది. ఏబీ క్యాపిటల్ షేర్లు ఐఈపీఎఫ్‌లో కనిపించకపోయినా నిరాశ పడకండి, చేరని షేర్లు కంపెనీ దగ్గరే సస్పెన్స్ ఖాతాలో, అంటే ఎవరూ తీసుకోనివి ఉంచే ఖాతాలో ఉండొచ్చు. మూడు కంపెనీల రిజిస్ట్రార్లకీ, అంటే వాటాదారుల రికార్డులు చూసేవాళ్ళకి, పాత ఫోలియో నంబరు (కాగితం షేర్ల ఖాతా నంబరు), డెత్ సర్టిఫికెట్, మీ పాన్ జతచేసి ఉత్తరం రాయండి. ఫోలియో నంబరు పాత డివిడెండ్ వారంటు ముక్క మీద ఉంటుంది. ఐఈపీఎఫ్‌లో ఉన్నట్టు తేలితే ముందు ఆ షేర్లు మీకు రావాల్సినవే అని కంపెనీ నుంచి ఎన్‌టైటిల్‌మెంట్ లెటర్ తీసుకుని, తర్వాత ఐఈపీఎఫ్-5 ఫారం ఆన్‌లైన్‌లో వేయాలి. దానికి ఫీజు లేదు. "మేం తెచ్చిపెడతాం, ముప్పై శాతం ఇవ్వండి" అనే ఏజెంట్లు ఫోన్ చేస్తారు. 22 షేర్లకి ఆ అవసరం లేదు, ఓపిక ఉంటే చాలు, నెలలు పడుతుంది.

ఇంత కష్టం దేనికంటారా? 2024-25కి మీ 200 గ్రాసిమ్ షేర్ల మీద వచ్చిన డివిడెండ్ 2,000 రూపాయలు. కనిపించకుండా పోయిన ఆ 22 అల్ట్రాటెక్ షేర్ల మీద రావాల్సింది 1,705.

ఇంకో 200 గ్రాసిమ్ కొనాలా అంటే, నేనైతే ఇప్పుడు కొనను, ఉన్నవి అమ్మను కూడా. ఓపస్ తన కాళ్ళ మీద తను నిలబడి, గ్రాసిమ్ ఆ పది రూపాయల దగ్గర నుంచి కదిలిన ఏడాది మళ్ళీ ఆలోచిస్తాను. సిమెంట్ మీదే నమ్మకం అయితే ఆ డబ్బుతో ఎన్ని వస్తే అన్ని అల్ట్రాటెక్ నేరుగా కొంటాను. మీరు మాత్రం ఆర్డరు పెట్టే ముందు, ఈ ఆదివారం అటక మీద పెట్టె దించి చూడండి. అమ్మగారు ఉంటే ఆవిణ్ణి కూడా అడగండి, మా బంధువు ఇంట్లో ఆ కాగితం ఎక్కడుందో గుర్తున్నది మా పిన్నికే.